500 వెనక 25 బైట్లు

బ్రౌజరులో 500 అని పడిందంటే సర్వరు చెప్పేది ఒక్కటే: తప్పు నా వైపే జరిగింది, ఏం జరిగిందో మాత్రం నీకు చెప్పను. ఈ మూడంకెల సంఖ్యలో ముఖ్యమైన సమాచారం మొదటి అంకెలో ఉంది. 2తో మొదలైతే పని అయినట్టు, 3 అయితే ఇంకో చోటికి వెళ్లమన్నట్టు, 4 అయితే అడిగినవాళ్ల పొరపాటు, 5 అయితే సర్వరు వైపు పొరపాటు. పెర్ల్ భాషలో తొలి వెబ్ స్క్రిప్టు రాసినవాళ్లలో 500 చూడనివాళ్లు అరుదు. చూశాక చాలామంది చేసే పని స్క్రిప్టును అడ్డదిడ్డంగా మార్చడం. లూపులు తిరగరాస్తారు, వేరియబుల్స్ పేర్లు మారుస్తారు. తప్పు అక్కడ ఉండదు. స్క్రిప్టు బయటికి పంపే మొదటి 25 బైట్లలో ఉంటుంది, లేదా ఆ 25 బైట్లు అసలు బయటికి రాకపోవడంలో ఉంటుంది.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ముంబైలోని ధారావిలో లెదర్ బ్యాగులు కుట్టి అమ్మే ఓ తెలుగు కుటుంబం ఉందనుకోండి. ఆ ఇంటి పిల్లలెవరో షాపు కోసం చిన్న పేజీ తయారుచేస్తున్నారు. పేజీలో ఉండాల్సింది పేట పేరు, పిన్‌కోడు: ధారావి 400017. అంతే. ఇంత చిన్న పేజీ కూడా 500 దగ్గర ఆగిపోవడానికి అరడజనుకు పైగా దారులున్నాయి. వాటిలో కొన్ని, ఇంగ్లీషులో పేజీ రాసేవాళ్లకు ఎప్పుడూ ఎదురుకానివి.

ఇప్పుడు పెర్ల్ ఎవరు రాస్తారని అడగొచ్చు. లారీ వాల్ దీన్ని 1987 డిసెంబరు 18న విడుదల చేశాడు. ముంబై సహా నాలుగు మహానగరాల్లో వీఎస్ఎన్ఎల్ జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న. అప్పటికే పెర్ల్‌కు ఏడేళ్లు నిండాయి. ఈనాటికీ చాలా లినక్స్ సర్వర్లలో పెర్ల్ ముందే ఉంటుంది. చౌకగా దొరికే హోస్టింగ్ ప్యాకేజీల్లో సీజీఐ-బిన్ అనే ఫోల్డరు ఇప్పటికీ కనిపిస్తుంది. కొత్త ప్రాజెక్టుకు పెర్ల్ సీజీఐని ఎంచుకోమని నేను ఎవరికీ చెప్పను. కానీ వెబ్ సర్వరు, ప్రోగ్రాము ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో ఇంత నగ్నంగా చూపించే పద్ధతి ఇంకొకటి లేదు. నేర్చుకునేవాళ్లకు అది పెద్ద లాభం.

23 + 2

వెబ్ సర్వరు, ప్రోగ్రాము మాట్లాడుకునే ఈ సీజీఐ అనే ఏర్పాటు 1993లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎన్‌సీఎస్‌ఏలో పుట్టింది. దాన్ని పద్ధతిగా రాసిపెట్టిన పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3875 మాత్రం 2004 అక్టోబరులో గానీ రాలేదు. అందులోని నియమం చాలా చిన్నది. సర్వరు మీ స్క్రిప్టును నడుపుతుంది, అది ప్రింట్ చేసినదంతా తీసుకుంటుంది. ముందు హెడర్ లైన్లు, తర్వాత ఒక ఖాళీ లైను, ఆ తర్వాతే పేజీ. హెడర్లలో కంటెంట్-టైప్, లొకేషన్, స్టేటస్ అనే మూడింటిలో కనీసం ఒకటి ఉండి తీరాలి. లారీ ఆఫీసులో వేబిల్లు లేని మూటను ఎక్కించుకోనట్టే, హెడర్ లేని పేజీని సర్వరు ముందుకు పంపదు.

అతి చిన్న హెడర్ ఇది: కంటెంట్-టైప్, కోలన్, స్పేసు, టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్. రోమన్ అక్షరాల్లో లెక్కపెడితే కోలన్ వరకు 13, స్పేసుతో 14, మిగతావి 9. మొత్తం 23 బైట్లు. ఆపైన రెండు న్యూలైన్లు. మొదటిది హెడర్ లైనును ముగిస్తుంది, రెండోది ఖాళీ లైను అవుతుంది. న్యూలైన్ బైటు విలువ 10. అంటే 23 బైట్ల తర్వాత 10, 10 రావాలి. మొత్తం 25.

ఇప్పుడు ఒక న్యూలైన్ మరిచిపోయారనుకోండి. 24 బైట్లు వెళ్తాయి. దాని వెనకే పేజీ మొదటి లైను వస్తుంది. సర్వరు దృష్టిలో హెడర్లు ఇంకా పూర్తికాలేదు కాబట్టి ఆ లైనును కూడా హెడర్ అనుకుంటుంది. హెడర్ అన్నాక అందులో కోలన్ ఉండాలి, అంటే 58 విలువున్న బైటు. హెచ్‌టీఎంఎల్ ట్యాగులో మామూలుగా అది ఉండదు. అపాచీ సర్వరు తన ఎర్రర్ లాగ్‌లో 'మాల్‌ఫార్మ్‌డ్ హెడర్' అని రాసి, తను హెడర్‌గా భావించిన ఆ లైనును పక్కనే చూపించి, మీ బ్రౌజరుకు 500 పంపుతుంది. లాగ్‌లో 'బ్యాడ్ హెడర్' అన్న మాట పక్కన మీ పేజీలోని ముక్క కనిపిస్తే ఇంక వెతకనక్కర్లేదు. ఖాళీ లైను లేదు, అంతే.

ఇందులోనే ఇంకో రకం ఉంది, కంటికి అస్సలు దొరకదు. పొడుగాటి హెచ్‌టీఎంఎల్‌ను ఒకే దెబ్బలో ప్రింట్ చేసేందుకు హియర్-డాక్ వాడినప్పుడు ఖాళీ లైనులో ఒక స్పేసు పడిపోతుంది. 10, 10 రావాల్సిన చోట 10, 32, 10 వస్తాయి. మనిషికి అది ఖాళీ లైనే. సర్వరుకు అది కోలన్ లేని లైను.

సింగిల్ కోట్లు పెట్టడం ఇంకా సాధారణం. పెర్ల్‌లో డబుల్ కోట్ల మధ్య రాసిన బ్యాక్‌స్లాష్-ఎన్ న్యూలైన్‌గా మారుతుంది. సింగిల్ కోట్ల మధ్య రాస్తే రెండు అక్షరాలుగానే మిగిలిపోతుంది. అప్పుడు బయటికి వెళ్లేది 23 + 4 = 27 బైట్లు. ఈ 27 దగ్గర కాస్త జాగ్రత్త. విండోస్ మీద సరిగ్గా రాసిన స్క్రిప్టు కూడా 27 బైట్లే పంపుతుంది, ఎందుకంటే అక్కడ ప్రతి న్యూలైనూ 13, 10 అనే రెండు బైట్లుగా వెళ్తుంది. ఒకే మొత్తం; ఒకటి సరైనది, ఇంకొకటి తప్పు. చివరి నాలుగు విలువలు చూస్తే గానీ తేడా తెలియదు. 13, 10, 13, 10 అయితే ఇబ్బంది లేదు. 92, 110, 92, 110 అయితే బ్యాక్‌స్లాష్, ఎన్ అనే అక్షరాలే అలాగే వెళ్లిపోయాయన్నమాట.

సున్నా బైట్లు

లాగ్‌లో 'ఎండ్ ఆఫ్ స్క్రిప్ట్ అవుట్‌పుట్ బిఫోర్ హెడర్స్' అని ఉంటే కథ వేరు. అపాచీ పాత వెర్షన్లలో ఇదే సంగతి 'ప్రిమెచ్యూర్ ఎండ్ ఆఫ్ స్క్రిప్ట్ హెడర్స్' అని ఉండేది. పుస్తకాల్లో పాత పేరు, మీ సర్వరులో కొత్త పేరు కనిపించి తికమక పడొద్దు. హెడర్లు పూర్తయ్యేలోపే స్క్రిప్టు ముగిసిపోయిందని దీని అర్థం. చాలావరకు అది ఒక్క బైటు కూడా పంపకుండానే పోయి ఉంటుంది. కాబట్టి ప్రింట్ లైను వైపు చూసి లాభం లేదు. పెర్ల్ ఎందుకు ఆగిందో చూడాలి.

ఈ సందేశం ఒక్కటే చదివి ఆగిపోవడం పెద్ద పొరపాటు. దానికి ముందో వెనకో ఉన్న లైన్లలో పెర్ల్ తన సొంత గొంతుతో ఏదో చెప్పి ఉంటుంది. అపాచీ 2.4లో అలాంటి లైన్లకు తరచూ ఏహెచ్01215 అనే సంకేతం ముందుంటుంది. ఆ సంకేతం పక్కన ఏ ఫైలు, ఏ లైను నంబరు అన్నది ఉంటుంది. బ్రౌజరు దాచిపెట్టిన సమాధానం అదే.

షాపుల పేజీల్లో తరచుగా కనిపించేది 64 తెచ్చే తంటా. 64 అంటే @ గుర్తు. ఈమెయిల్ చిరునామాను డబుల్ కోట్ల మధ్య ఉన్నదున్నట్టు రాస్తే, @ తర్వాతి పదాన్ని పెర్ల్ ఒక జాబితా పేరు అనుకుంటుంది. స్క్రిప్టు పైన 'యూజ్ స్ట్రిక్ట్' ఉంటే అలాంటి జాబితా లేదని కంపైల్ దశలోనే ఆగిపోతుంది. నిష్క్రమణ సంఖ్య 255, పంపిన బైట్లు 0. @ ముందు ఒక బ్యాక్‌స్లాష్ పెట్టడమో, ఆ చిరునామా మటుకు సింగిల్ కోట్లలో రాయడమో చేస్తే చాలు. హెడర్‌కు డబుల్ కోట్లు, ఈమెయిల్‌కు సింగిల్ కోట్లు: కొత్తవాళ్లకు ఇది తలకిందులుగా గుర్తుంటుంది, ఫలితం రెండు వైపులా 500.

రెండోది పాత పుస్తకాల వల్ల వచ్చే ఇబ్బంది. హెడర్లు రాసిపెట్టే సీజీఐ.పీఎం అనే మాడ్యూలును లింకన్ స్టైన్ తయారుచేశాడు. 1997లో వచ్చిన పెర్ల్ 5.004 నుంచి అది పెర్ల్‌తో పాటే వచ్చేది. 2015లో వచ్చిన 5.22 నుంచి తీసేశారు. 18 ఏళ్ల పాటు 'పెర్ల్ ఉంటే ఇది ఉన్నట్టే' అని పుస్తకాలు రాశాయి. ముంబై ఫుట్‌పాత్‌ల మీద సెకండ్ హ్యాండ్‌లో దొరికే కంప్యూటర్ పుస్తకాల్లో ఆ కాలానివీ ఉంటాయి. వాటిలోని మొదటి ఉదాహరణను కొత్త సర్వరులో ఎక్కిస్తే 'కాంట్ లొకేట్ సీజీఐ.పీఎం' అని లాగ్‌లో పడుతుంది, తెర మీద 500. పుస్తకంలోనూ తప్పు లేదు, మీ టైపింగులోనూ తప్పు లేదు. పెర్ల్ మాడ్యూళ్లు దొరికే సీపాన్ నుంచి ఆ మాడ్యూలును వేరుగా తెచ్చుకోవాలి, లేదా ఆ 25 బైట్లూ చేత్తో రాసుకోవాలి. నేర్చుకునే దశలో నేను రెండోదే చేయమంటాను.

2, 8, 13

స్క్రిప్టు మొదలై చచ్చిపోవడం ఒకటి. అసలు మొదలే కాకపోవడం ఇంకొకటి. లినక్స్ కెర్నెల్ ఒక ఫైలును నడపలేకపోతే ఒక ఎర్రర్ సంఖ్య తిరిగిస్తుంది. మనకు పనికొచ్చేవి మూడు. 2 అంటే ఫైలు లేదు. 8 అంటే ఇది నడిపే రూపంలో లేదు. 13 అంటే అనుమతి లేదు. లాగ్‌లో ఈ సంఖ్యలు బ్రాకెట్లలో వాక్యం ముందే కనిపిస్తాయి.

13 సులువు. ఫైలుకు 755 ఇవ్వాలి. యజమానికి 7, అంటే చదవడం 4, రాయడం 2, నడపడం 1. గ్రూపుకూ, ఇతరులకూ 5, అంటే 4 + 1. ఎందుకైనా మంచిదని 777 ఇచ్చేవాళ్లుంటారు. చాలా షేర్డ్ హోస్టింగుల్లో సూ-ఎగ్జెక్ అనే కాపలా ఉంటుంది. ఇతరులు రాయగలిగే స్క్రిప్టును అది నడపనివ్వదు. అనుమతి ఎక్కువైనా 500 వస్తుంది.

2 మాత్రం మనిషికి పిచ్చెక్కిస్తుంది. ఫైలు కళ్లముందు ఉంటుంది, లాగ్ మాత్రం లేదంటుంది. లేనిది మీ స్క్రిప్టు కాదు, దాని మొదటి లైనులో మీరు చెప్పిన పెర్ల్. ఆ దారి తప్పు రాసినా ఇలాగే వస్తుంది. కానీ దారి సరిగ్గా ఉండీ 2 వస్తే, విండోస్‌లో రాసిన ఫైలు అనుకోవాలి. అక్కడ ప్రతి లైను చివరా 13, 10 ఉంటాయి. లినక్స్ 10 దగ్గర లైను కోసి, మిగిలిన 13ను కూడా పేరులో భాగంగా తీసుకుంటుంది. చివర కనిపించని ఒక బైటు అంటుకున్న పెర్ల్ అనే ప్రోగ్రాము కోసం వెతుకుతుంది. అలాంటిది ఆ సర్వరులో ఉండదు. పాత ఎఫ్‌టీపీ ప్రోగ్రాముల్లో ఫైలు పంపేటప్పుడు యాస్కీ పద్ధతి ఎంచుకోమని చెప్పేది అందుకే. ఆ పద్ధతిలో 13లు దారిలోనే రాలిపోతాయి. సర్వరుకు చేరాక డాస్2యూనిక్స్ అనే ప్రోగ్రాముతోనూ తీసేయొచ్చు. అనుమానం ఉంటే ఫైలు సైజులు పోల్చండి: 40 లైన్ల స్క్రిప్టు విండోస్ రూపంలో సరిగ్గా 40 బైట్లు ఎక్కువ ఉంటుంది.

విండోస్ ఉన్న ఇంటి కంప్యూటరులో గ్జాంప్ అనే సర్వరు ప్యాకేజీ పెట్టుకుని నేర్చుకునేవాళ్లకు ఇదే సంగతి వేరే వేషంలో వస్తుంది. లాగ్‌లో 720002 అనే భారీ సంఖ్య కనిపిస్తుంది. భయపడక్కర్లేదు. అపాచీ విండోస్ ఎర్రర్లన్నిటికీ 720000 కలుపుతుంది. తీసేస్తే మిగిలేది 2, ఫైలు లేదు. మొదటి లైనులో లినక్స్ దారి అలాగే ఉంచేసి ఉంటారు. అక్కడ సీ డ్రైవ్‌లోని పెర్ల్ దారి రాయాలి.

ఇక 8. తెలుగులో రాసేవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే, పుస్తకాలు పట్టించుకోనిదీ దీన్నే. స్క్రిప్టు మొదటి రెండు బైట్లు 35, 33 అయి తీరాలి. అంటే #! గుర్తులు. కెర్నెల్ ఆ రెండింటినీ చూసే ఇది ఫలానా ప్రోగ్రాముతో నడపాల్సిన ఫైలు అని గుర్తుపడుతుంది. ఇప్పుడు నోట్‌ప్యాడ్ సంగతి చూడండి. ఇంగ్లీషులో మాత్రమే రాసేవాళ్లు సేవ్ నొక్కితే ఫైలు ఆన్సీ అనే పాత ఎన్‌కోడింగులో భద్రమయ్యేది, ఏ గొడవా లేదు. అందులో 'ధారావి' అని రాస్తే ఆన్సీలో సేవ్ చేయడం కుదరదు, చేస్తే అక్షరాల బదులు ప్రశ్న గుర్తులు మిగులుతాయి. కాబట్టి తెలుగు రాసేవాళ్లు యూటీఎఫ్-8 ఎంచుకోవాల్సిందే. అలా ఎంచుకోగానే నోట్‌ప్యాడ్ ఫైలు ముందు అడక్కుండానే మూడు బైట్లు చేర్చేది: 239, 187, 191. దీన్నే బామ్ అంటారు. ఎడిటరులో అది కనిపించదు. కెర్నెల్‌కు మాత్రం 35 బదులు 239 కనిపిస్తుంది. ఎర్రర్ 8, బ్రౌజరులో 500.

పక్క బెంచీలో ఇంగ్లీషు పేజీ రాసిన విద్యార్థికి అదే ప్రోగ్రాము నడుస్తుంది. మీకు నడవదు. తెలుగు పెడితే పెర్ల్ పనిచేయదనే అపోహ ఇలాంటి చోటే పుడుతుంది. పెర్ల్ పాపం దాన్ని చూడనే లేదు. అక్కడిదాకా ఫైలు చేరలేదు. మైక్రోసాఫ్ట్ 2019లో, విండోస్ 10 వెర్షన్ 1903తో, నోట్‌ప్యాడ్‌లో బామ్ లేని యూటీఎఫ్-8నే మామూలు పద్ధతిగా చేసింది. కానీ కంప్యూటర్ క్లాసుల్లో, సైబర్ కేఫ్‌లలో పాత విండోస్ ఇంకా నడుస్తూ ఉండొచ్చు.

ఈ బామ్‌కూ, ఇందాకటి 13కూ ఒక ఉమ్మడి దొంగ గుణం ఉంది. కమాండ్ లైనులో 'పెర్ల్' అని టైపు చేసి పక్కన ఫైలు పేరు ఇస్తే స్క్రిప్టు చక్కగా నడుస్తుంది. పెర్ల్ ఫైలు మొదట్లోని బామ్‌ను మింగేస్తుంది, లైను చివరి 13లనూ పట్టించుకోదు. ఇక్కడ నడుస్తోంది, వెబ్‌లో నడవట్లేదు, కాబట్టి సర్వరుదే లోపం అని హోస్టింగ్ వాళ్ల మీద పోట్లాడతాం. పరీక్షించాల్సిన తీరు వేరు: చుక్క, స్లాష్, వెంటనే ఫైలు పేరు. అప్పుడు ఫైలును తెరిచేది పెర్ల్ కాదు, కెర్నెల్. వెబ్ సర్వరు చేసేదీ అదే. ఇంకా తేలికైనది, లినక్స్‌లో 'ఫైల్' అనే కమాండుకు ఆ స్క్రిప్టు పేరు ఇవ్వడం. బామ్ ఉంటే ఉందని, సీఆర్ఎల్ఎఫ్ (అంటే 13, 10 జంట) ఉంటే ఉందని ఒకే లైనులో చెప్పేస్తుంది.

6, 18, 36

500 పోయింది, పేజీ వచ్చింది. కానీ సగమే వచ్చింది. ఇది ఇంగ్లీషు పేజీకి రాని రెండో చిక్కు.

ముంబై మహానగరపాలిక బడులు 8 మాధ్యమాల్లో నడుస్తాయి: మరాఠీ, హిందీ, ఉర్దూ, గుజరాతీ, ఇంగ్లీషు, తమిళం, తెలుగు, కన్నడం. ఈ ఎనిమిదింటినీ యూటీఎఫ్-8లో బైట్ల లెక్కన చూస్తే ఇంగ్లీషు అక్షరానికి 1, ఉర్దూకు 2, మిగిలిన ఆరింటికీ 3. ధారావి గోడల మీద కనిపించే లిపుల్లో ఎక్కువ భాగం 3 బైట్ల జాతే. యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 స్థానాలున్నాయి. ఆ పరిధిలో ఏ గుర్తు తీసుకున్నా 3 బైట్లు. గుణింతపు గుర్తు కూడా ఒక అక్షరం కిందే లెక్క. ధారావి అంటే ధ, దీర్ఘం, ర, దీర్ఘం, వ, గుడి: 6 గుర్తులు, 18 బైట్లు.

హెడర్లలో కంటెంట్-లెంగ్త్ అనేది ఒకటుంది. పేజీ ఎన్ని బైట్లో ముందే చెప్పడం దాని పని. కొత్తవాళ్లు ఉత్సాహం కొద్దీ దాన్ని రాసి, విలువ కోసం పెర్ల్‌లోని లెంగ్త్ ఫంక్షన్‌ను వాడతారు. స్క్రిప్టులో తెలుగు ఉందని చెప్పే 'యూజ్ యూటీఎఫ్8' లైను పైన ఉంటే ఆ ఫంక్షన్ బైట్లను కాక గుర్తులను లెక్కపెడుతుంది. 'ధారావి 400017' అన్న దానికి 6 + 1 + 6 = 13 అని చెబుతుంది. నిజానికి వెళ్లేవి 18 + 1 + 6 = 25 బైట్లు. కొన్ని సందర్భాల్లో సర్వరే ఈ లెక్క సరిదిద్దుతుంది. దిద్దకుండా పంపితే బ్రౌజరు హెడర్ మాటే నమ్మి 13 బైట్లు చదివి ఆపేస్తుంది. 12 బైట్లతో 'ధారా' పూర్తవుతుంది. పదమూడోది 'వ'లో మొదటి బైటు, 224. అది ఒంటరిగా ఏ అక్షరమూ కాదు కాబట్టి నల్లటి డైమండులో ప్రశ్న గుర్తు పడుతుంది. వి లేదు, పిన్‌కోడు లేదు. పూర్తిగా తెలుగులో ఉన్న పేజీ అయితే సుమారు మూడో వంతు దగ్గర తెగుతుంది. పేజీ మూడో వంతు దగ్గర ఆగిందంటే లెంగ్త్‌నే అనుమానించాలి.

కామాఠీపుర మీద ఇదే లెక్క వేస్తే ఇంకా ఇబ్బందిగా ఉంటుంది. 9 గుర్తులు, 27 బైట్లు. 9 బైట్ల దగ్గర కోస్తే మూడు గుర్తులే మిగులుతాయి: కామ. నిజాం ఇలాకా నుంచి ముంబై కట్టడానికి వచ్చిన తెలుగు కూలీలు, కామాఠీల పేరున వెలిసిన పేట అది. ఊరివాళ్ల నోట పడ్డ చెడ్డపేరు చాలక, ఒక హెడర్ తప్పు కూడా తోడైతే అక్కడివాళ్లు నవ్వుకోరు.

పాత స్క్రిప్టుల్లో ఈ బాధ ఉండేది కాదు. 1990ల చివర్లో తెలుగు సైట్లు సొంత ఫాంట్లతో, రోమన్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టి నడిచాయి. ఒక బొమ్మకు ఒక బైటు. లెంగ్త్ చెప్పినదీ, వెళ్లేదీ ఒకటే. అప్పటి పుస్తకం రాసినవాళ్లు అబద్ధం చెప్పలేదు.

మరి 36 ఎక్కడిది? 'యూజ్ యూటీఎఫ్8' రాయడం మరిచి, బయటికి పంపే దారికి మాత్రం యూటీఎఫ్-8 పొర తగిలిస్తే వచ్చేది అది. పెర్ల్ 18 బైట్లను 18 వేర్వేరు యూరోపియన్ అక్షరాలనుకుని ఒక్కోదాన్ని మళ్లీ 2 బైట్లుగా మారుస్తుంది. తెర మీద నెత్తిన గీతున్న రోమన్ ఎ, దాని పక్కన డిగ్రీ గుర్తు, ఈ జంట పదే పదే వస్తుంది. 224, 176 అనే బైట్ల ముఖాలవి. ధారావిలోని ప్రతి గుర్తూ ఆ రెండింటితోనే మొదలవుతుంది. రెండూ రాయండి, లేదా రెండూ తీసేయండి. ఒకటి ఉంచి ఒకటి వదిలేస్తేనే తంటా. కంటెంట్-టైప్ చివర సెమీకోలన్, స్పేసు, క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని కూడా చేర్చాలి. దానికి 15 బైట్లు. హెడర్ మొత్తం 25 నుంచి 40కి పెరుగుతుంది. తెలుగు పేజీకి అసలైన కనీస హెడర్ ఈ 40. కంటెంట్-లెంగ్త్ మాత్రం వద్దు. అది లేకపోయినా పేజీ వెళ్తుంది.

వరుస తప్పిన బైట్లు

హెడర్ సరిగ్గానే ఉంది, కానీ దానికంటే ముందు ఇంకేదో వెళ్లింది. ఎర్రర్లు బ్రౌజరులోనే కనిపిస్తే బాగుండునని హెచ్చరికలు వెళ్లే దారి ఎస్‌టీడీ ఎర్రర్‌ను, ప్రింట్ చేసినది వెళ్లే దారి ఎస్‌టీడీ అవుట్‌లోకి మళ్లించినవాళ్లకు ఇది వస్తుంది. ఎస్‌టీడీ అవుట్‌లో పడ్డది వెంటనే బయటికి పోదు; పెర్ల్ దాన్ని 8,192 బైట్లు నిండేదాకా, పాత వెర్షన్లయితే 4,096 దాకా, పట్టి ఉంచుతుంది. ఎస్‌టీడీ ఎర్రర్‌కు అలాంటి నిల్వ లేదు, పుట్టింది పుట్టినట్టే పోతుంది. మీరు హెడర్‌ను ముందే ప్రింట్ చేసినా, తర్వాత పుట్టిన హెచ్చరిక దాన్ని దాటేసి ముందు చేరుతుంది. స్క్రిప్టు పైన డాలరు, నిలువు గీత, ఈక్వల్, 1 అని రాస్తే నిల్వ ఆగి వరుస కుదురుతుంది. ఎర్రర్లు తెర మీద కావాలంటే సీజీఐ మాడ్యూలుతో పాటు వచ్చే కార్ప్ అనే మాడ్యూలులో 'ఫేటల్స్ టు బ్రౌజర్' ఉంది. అది హెడర్ కూడా తనే పంపుకుంటుంది. పేజీ జనంలోకి వెళ్లేముందు తీసేయాలి.

హెడర్ రెండుసార్లు ప్రింట్ చేస్తే 500 రాదు. పేజీ నెత్తిన 'కంటెంట్-టైప్' అన్న లైను అక్షరాలా కనిపిస్తుంది. రెండో ప్రింట్ ఏ సబ్‌రొటీన్‌లో దాగుందో వెతికి తీసేయడమే. కుకీలు ఖాళీ లైను తర్వాత పంపితే అవీ ఇలాగే పేజీలో అచ్చవుతాయి.

ఇవన్నీ కళ్లతో కనిపెట్టేవి కావు, లెక్కపెట్టి చూడాల్సినవి. లినక్స్‌లో స్క్రిప్టు అవుట్‌పుట్‌ను 'ఓడీ' అనే ప్రోగ్రాములోకి పంపి, బైట్లను దశాంశంలో చూపించమంటే మొదటి రెండు మూడు వరుసల్లోనే 10లు, 13లు, 32లు, 92లు బయటపడతాయి. స్క్రిప్టు ఫైలునే అందులోకి పంపితే 239 ఉందో, 35తో మొదలైందో తెలుస్తుంది. 'పెర్ల్ -సీ' అని నడిపితే కంపైల్ తప్పులు సర్వరుదాకా వెళ్లకముందే తేలతాయి. కంప్యూటర్ క్లాసులు నడిపే మాస్టార్లకు ఒక విన్నపం: హలో వరల్డ్ పేజీ నేర్పే రోజే ఓడీ కూడా నేర్పండి, ఉదాహరణ పేజీలో రెండు తెలుగు పదాలైనా పెట్టండి. తెలుగు చేరాక వచ్చే తప్పులు ఇంగ్లీషు ఉదాహరణల్లో ఎప్పటికీ రావు.

ఇక మీకు. ఈసారి 500 కనిపిస్తే ఎడిటరు తెరవకండి. ముందు ఎర్రర్ లాగ్ తెరవండి; డెబియన్, ఉబుంటు సర్వర్లలో అది వర్ ఫోల్డరులోని లాగ్‌లో, అపాచీ2 కింద ఉంటుంది, హోస్టింగ్ ప్యానెల్ అయితే ఎర్రర్స్ అనే బటన్ వెనక. చివరి పది లైన్లు చదివేదాకా స్క్రిప్టులో ఒక్క అక్షరం కూడా మార్చకండి.